అమ్మాయి గుర్రపు స్వారీ నేర్చుకుంటానంటోంది, మేమేమో వీగన్లం

ప్రశ్న: మేం విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. నాలుగేళ్లుగా మా ఇంట్లో పాలు, నెయ్యి, తేనె, తోలు ఏవీ వాడడం లేదు. మా పదకొండేళ్ల అమ్మాయి ఆర్కే బీచ్‌లో గుర్రాల్ని చూసి స్వారీ నేర్చుకుంటానంటోంది. భీమిలి రోడ్డులో నేర్పేచోటు ఒకటి ఉందని తనే కనుక్కుంది. వద్దంటే, "మనం గుర్రాన్ని తినడం లేదు, కొట్టడం లేదు, కాసేపు కూర్చుంటే తప్పేంటి?" అని అడుగుతోంది. మావారు "కుక్కని పెంచుకోవడం లాంటిదేగా" అంటున్నారు. మేం ఏం చెప్పాలి? అసలు ఇది వీగన్ పద్ధతికి కుదురుతుందా?

సమాధానం: కుదరదు. సరదా కోసం గుర్రమెక్కడం వీగన్ ఆలోచనతో పొసగదనే నా అభిప్రాయం. అయితే అమ్మాయికి "గుర్రానికి నొప్పి పుడుతుంది కాబట్టి వద్దు" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. రేపు ఎవరో ఒకరు నొప్పి లేకుండా ఎక్కే పద్ధతి చూపిస్తారు. అలాంటివి కొంతవరకు నిజంగానే ఉన్నాయి. అప్పుడు మీ దగ్గర జవాబుండదు. స్వారీ వల్ల గుర్రానికి బాధ కలుగుతుందా అన్నది ఒక ప్రశ్న. బాధ లేకపోయినా దాన్ని మన సరదాకి వాడుకోవచ్చా అన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ విడివిడిగానే చూడాలి.

బాధ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దాన్ని కొలవచ్చు.

2008లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎనిమిది గుర్రాల మీద, వాటి ఒంటి బరువులో 15, 20, 25, 30 శాతం చొప్పున మోత పెట్టి చూశారు. 20 శాతం వరకు చెప్పుకోదగ్గ తేడా లేదు. 25, 30 శాతాల దగ్గర మాత్రం గుండె వేగం పెరిగింది, వీపు కండరాల్లో నొప్పి, బిగుతు కనిపించాయి. చిన్న అధ్యయనమే. అయినా రౌతు, జీను, సామాను అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్న మాటకు ఇది గట్టి ఆధారం. బక్క గుర్రానికి, ముసలి గుర్రానికి, ఎండలో పనిచేసే గుర్రానికి ఆ గీత ఇంకా కిందికి దిగాలి.

గుర్రం బరువు తెలుసుకోవడానికి కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. తర్వాత భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివర దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. బీచ్‌లో తిప్పేలాంటి పొట్టి గుర్రానికి చుట్టుకొలత 150, పొడవు 135 అనుకుంటే బరువు దాదాపు 256 కిలోలు. అందులో 20 శాతం 51 కిలోలు. జీను 7 కిలోలు పోతే రౌతుకు మిగిలేది 44 కిలోలు. మరి ఎక్కేది ఎవరు? 75 కిలోల పెద్దమనిషి ఎక్కితే మోత 32 శాతం. ఒడిలో పిల్లాణ్ని కూడా కూర్చోబెట్టుకుంటే ఆ లెక్క చెప్పనక్కర్లేదు.

ఈ లెక్క ప్రకారం 35 కిలోల మీ అమ్మాయి జీనుతో కలిపి 16 శాతమే అవుతుంది. తన బరువు గుర్రానికి పెద్ద భారం కాదు, ఆ మాట దాచకుండా ఒప్పుకోండి. పిల్లల దగ్గర నిజం కాని కారణం చెబితే మిగతా కారణాలన్నీ కొట్టుకుపోతాయి.

బరువు తక్కువైనంత మాత్రాన బాధ లేదనీ కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంకా నిలకడ ఉండదు. గుర్రం అడుగేసిన ప్రతిసారీ ఎగిరి వీపు మీద పడతారు, పడిపోతామన్న భయంతో పగ్గాలు పట్టుకు వేలాడతారు. ఆ పగ్గాల చివర కళ్లెపు ఇనుప కడ్డీ ఉంటుంది. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఉన్న ఖాళీ చిగురు మీద, నాలుక మీద అది ఆనుతుంది. అక్కడ ఎముకను కప్పి పలచని చర్మం తప్ప ఏమీ లేదు. నేర్చుకునేది ఒక్క పిల్ల కాదు కదా, అదే గుర్రం నోరు రోజూ నలుగురైదుగురు కొత్తవాళ్ల చేతుల్లో ఉంటుంది. కళ్లెం తీసేసి ముక్కు పట్టీతో నడిపితే మేలే. కానీ ఆ పట్టీ బిగిస్తే ముక్కు ఎముక నొక్కుకుంటుంది. పట్టీకీ ముక్కు ఎముకకీ మధ్య రెండు వేళ్లు దూరాలి.

వీపు సంగతికొస్తే, జీను చివరి పక్కటెముక దాటి వెనక్కి పోకూడదు. అక్కణ్నుంచి వెనక నడుము భాగానికి పక్కటెముకల ఆసరా లేదు. రౌతు కూర్చున్నాక కూడా మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు మిగలాలి. స్వారీ అయ్యాక జీను దింపి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. వీపంతా చెమటతో తడిసి మధ్యలో అరచేయంత పొడి మచ్చలుంటే అక్కడ జీను గట్టిగా నొక్కుతోందని గుర్తు. నల్లని, గోధుమరంగు వీపు మీద తెల్లవెంట్రుకల మచ్చలున్నాయంటే అక్కడ ఎప్పుడో ఒరుసుకుని గాయమై మానిందన్నమాట. వయసు కూడా అడగండి. వెన్నుపూసల ఎదుగుదల పూర్తయ్యేసరికి గుర్రానికి అయిదేళ్లు దాటుతుంది. చాలా గుర్రాల్ని రెండు మూడేళ్లకే ఎక్కడం మొదలుపెడతారు.

మనవాళ్లు "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అంటారు. గుర్రాన్ని అదుపులో పెట్టకపోతే మొరాయిస్తుందని ఆ సామెత భావం. గుర్రపుశాలల్లో ఇప్పటికీ ఆ నమ్మకమే నడుస్తోంది, దానివల్ల జరిగే హాని చాలా ఎక్కువ. గుర్రం నిజంగా మూడు కాళ్ల మీద నడుస్తోందంటే నాలుగో కాలు నొప్పిగా ఉందని. బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు స్యూ డైసన్, తోటి పరిశోధకులు రౌతు ఎక్కినప్పుడు గుర్రంలో కనిపించే 24 ప్రవర్తనలతో ఒక జాబితా తయారుచేసి 2018లో ప్రచురించారు. వాటిలో ఎనిమిది గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనిపిస్తే కీళ్లలోనో కండరాల్లోనో నొప్పి ఉండే అవకాశం బాగా ఎక్కువ. చెవులు అయిదు సెకన్లకు మించి వెనక్కి వాల్చి ఉంచడం, నోరు పది సెకన్లకు మించి తెరిచి ఉంచడం, తోక విసురుతూ ఉండడం, తల ఎగరేయడం, కళ్లు సగం మూసుకోవడం, నాలుక బయట పెట్టడం, వెనక గిట్టలు నేలకు ఈడ్చడం, ఉన్నట్టుండి ఆగిపోవడం లాంటివి. వీటిలో చాలావాటిని మనం "మొండి గుర్రం", "బద్ధకం" అని కొట్టిపారేస్తాం. ఒక ఆదివారం సాయంత్రం అమ్మాయిని తీసుకెళ్లి, ఎక్కనివ్వకుండా, ఒక్క గుర్రాన్ని పావుగంట చూడమనండి. ఈ గుర్తులు కాగితం మీద రాసుకుని లెక్కపెట్టమనండి. మీరు చెప్పేదానికన్నా తను చూసింది గట్టిగా పనిచేస్తుంది.

విశాఖలో ఇంకో చిక్కు ఉంది, ఉక్కపోత. గుర్రం మనలాగే చెమటతో చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే ఆ చెమట ఆరదు. గుర్రాలు పెంచేవాళ్లు వాడే లెక్క ఒకటుంది. ఫారెన్‌హీట్ డిగ్రీల్లో ఉష్ణోగ్రతకు తేమ శాతాన్ని కలపాలి. మొత్తం 130 లోపయితే ఇబ్బంది లేదు, 150 దాటితే పని తగ్గించి కనిపెట్టుకుని ఉండాలి, 180 దాటితే పని చేయించకూడదు. మే నెల సాయంత్రం 33 డిగ్రీల సెల్సియస్ అంటే ఫారెన్‌హీట్‌లో 91. తేమ 75 శాతమైతే మొత్తం 166. అంటే సముద్రపు గాలికి మనకు హాయిగా అనిపించే వేళ కూడా గుర్రానికి అది హాయి కాదు. దానికి తోడు లోతైన పొడి ఇసుకలో నడక ముందుకాళ్ల వెనక ఉండే స్నాయువుల్ని (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) లాగేస్తుంది. తడిసి గట్టిపడిన ఇసుక కొంత నయం. మేత ఇసుక మీదే పడేస్తే ఇసుక పేగుల్లో పేరుకుని శూల, అంటే తీవ్రమైన కడుపునొప్పి, వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, శూల వచ్చిన గుర్రం గంటల్లో ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

చట్టం కూడా కొంత ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ జంతువును అతిగా స్వారీ చేయడాన్ని, అతిగా మోయించడాన్ని, పుండుతోనో జబ్బుతోనో ఉన్నదాన్ని పనికి పెట్టడాన్ని నేరమంటుంది. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నియమాల ప్రకారం రోజుకు తొమ్మిది గంటలకు మించి పనిచేయించకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పని చెప్పకూడదు. పుండుతో ఉన్న గుర్రం కనిపిస్తే ఫొటో తీసుకుని 1962కి ఫోన్ చేయండి, అది పశువైద్య సంచార వాహనాల నంబరు. దాన్ని నడిపే కుర్రాడి మీద అరవకండి. చాలాసార్లు గుర్రం అతనిది కాదు, కూలి మాత్రమే అతనిది.

ఇక రెండో ప్రశ్న. అన్నీ సవ్యంగా ఉన్న శాల ఒకటుందనుకుందాం. తేలికైన రౌతు, సరిపోయిన జీను, కళ్లెం లేని పట్టీ, చల్లని ఉదయం. అప్పుడైనా ఎక్కవచ్చా?

వీగన్ అన్న మాట 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వీగన్ సొసైటీ పెట్టినప్పుడు పుట్టింది. ఆ సొసైటీ ఇప్పుడిచ్చే నిర్వచనంలో రెండు భాగాలు మీకు పనికొస్తాయి. క్రూరత్వాన్నే కాదు, తిండికో బట్టకో మరే పనికో జంతువుల్ని వాడుకోవడాన్ని కూడా మానుకోవాలన్నది ఒకటి. అది ఆచరణలో సాధ్యమైనంత మేరకు అన్నది రెండోది. ఈ రెండో మాట చాలా దయగల మాట. దాన్ని సాకుగా వాడకూడదు, అలాగని మర్చిపోకూడదు కూడా. మన దేశంలో పాము కాటుకు ఇచ్చే విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచే తయారవుతుంది. వాటికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాల్ని తీస్తారు. అరకు వెళ్లినప్పుడు మీ ఇంట్లో ఎవరినైనా పాము కరిస్తే ఒక్క క్షణం ఆలోచించకుండా ఆ మందు వేయించుకోవాలి. అక్కడ వేరే దారి లేదు. ఆదివారం స్వారీకి అలాంటి అవసరం ఏముంది? మానేస్తే పోయేది ఏమీ లేదు. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది.

"గుర్రానికి కూడా ఇష్టమే" అని శాలవాళ్లు చెబుతారు. మడమతో పక్కలు నొక్కితే గుర్రం కదులుతుంది, కదలగానే నొక్కడం ఆపుతారు. ఒత్తిడి పోవడమే దానికి దక్కే బహుమతి. గుర్రాలకు నేర్పే మామూలు పద్ధతి ఇదే. ఇందులో నేర్చుకోవడం ఉంది, ఇష్టపడడం ఉండాలని లేదు. ఇష్టాన్ని తెలుసుకోవడం అసాధ్యమేమీ కాదు. నార్వేలో చేసి 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో 23 గుర్రాలకు మూడు బోర్డులు చూపించారు. ఒకటి తాకితే దుప్పటి కప్పాలని, ఇంకోటి తాకితే తీసేయాలని, ఖాళీ బోర్డు తాకితే ఉన్నట్టే ఉంచాలని అర్థం. అన్ని గుర్రాలూ రెండు వారాల్లో నేర్చుకున్నాయి. చలీ వానా ఉన్న రోజున దుప్పటి కావాలన్నాయి, ఎండ కాసిన రోజున వద్దన్నాయి. అంటే అడిగితే గుర్రం జవాబు చెబుతుంది. మరి జీను వేసేముందు "వద్దు" అనే వీలు దానికి ఇచ్చిన శాల ఎక్కడుంది? జీను తెస్తుంటే చెవులు వాల్చి, పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే కొరకబోయే గుర్రం తనకు తెలిసిన భాషలో వద్దనే చెబుతోంది.

మీవారి కుక్క పోలిక దగ్గరికి వస్తాను, అది తీసిపారేయాల్సింది కాదు. వీధిలో దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంటే, ఆరోజు అది ఆడినా ఆడకపోయినా రాత్రికి అన్నం పెడతారు. దానికి జబ్బు చేస్తే ఖర్చు మీది. స్వారీ గుర్రానికి ఆ భరోసా లేదు, దాని మేత దాని వీపు మీద ఆధారపడి ఉంటుంది. 2020లో లాక్‌డౌన్‌తో సందర్శకులు రావడం ఆగిపోగానే దేశంలో చాలాచోట్ల స్వారీ గుర్రాలు మేతకు మాడాయి. ఇంకోటి, గుర్రం పాతికేళ్లు, ఒక్కోసారి ముప్పై ఏళ్లు బతుకుతుంది. కుంటుపడ్డాకో ముసలిదయ్యాకో అది ఎక్కడికి పోతుంది? శాలలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "ఇప్పుడు పనిచేయని గుర్రాలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి, చూపిస్తారా?" ఒక్కటీ లేదంటే వాటిని అమ్మేసి ఉండొచ్చు. నెలనెలా కట్టే ఫీజు అదే ఏర్పాటును నడుపుతుంది. మీ అమ్మాయి ఎంత తేలికగా కూర్చున్నా అది మారదు.

జీను, బూట్లు, చేతి తొడుగులు తోలువి కాకుండా దొరుకుతాయి. సింథటిక్ జీన్లు తేలిక, కడగడమూ సులభం. ఆవు చర్మం సమస్య అక్కడితో తీరుతుంది, గుర్రం వీపు సమస్య తీరదు. తోలు లేని జీను కొని "వీగన్ స్వారీ" అనే మాటలకు లొంగకండి.

ఇంత చెప్పాక అమ్మాయికి "గుర్రాల జోలికే పోవద్దు" అంటే అది అన్యాయం. తనకు గుర్రమంటే ప్రేమ, ఆ ప్రేమ మంచిది. దాని వీపు దిగి నేల మీద నిలబడితే చేయగలిగింది చాలా ఉంది, అదేమీ ఓదార్పు బహుమతి కాదు. శాలకు వెళ్లి "మా పాప ఎక్కదు, గుర్రాల్ని చూసుకోవడం నేర్పుతారా" అని అడగండి. వీలైతే పనిమానేసిన గుర్రం దగ్గర. వాళ్లు ఒప్పుకోకపోతే, పని మానిన గుర్రాలకో గాడిదలకో నీడనిచ్చే జంతు సంరక్షణ కేంద్రంలో అడగండి. అక్కడ చేతులు ఎప్పుడూ తక్కువే.

మొదట మాలీషు. రబ్బరు దువ్వెనతో మెడ నుంచి వెనక్కి గుండ్రంగా రుద్దాలి. మోకాళ్ల కింద, ముఖం మీద రబ్బరు దువ్వెన వాడకూడదు, అక్కడ ఎముకే ఉంటుంది. గుర్రానికి నచ్చిన చోట తగిలితే పై పెదవి ముందుకు సాగి వణుకుతుంది. తర్వాత గిట్టలు. గిట్ట అడుగున ఇరుక్కున్న మట్టిని కొక్కెంతో మడమ నుంచి కొన వైపుకి గీకాలి, మధ్యలో మెత్తగా ఉండే త్రికోణాన్ని పొడవకూడదు. దాని పక్క గాడుల్లో నల్లగా చెడువాసన వస్తే కుళ్లు పట్టిందని, వానాకాలంలో విశాఖ తేమకు తరచూ పడుతుంది. శాల పొడిగా ఉంచితే తగ్గుతుంది. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కోయించాలి.

మేత దగ్గరే మన ప్రాంతంలో ఎక్కువ తప్పులు జరుగుతాయి. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, అందుకే అది రోజంతా కొద్దికొద్దిగా గడ్డి నములుతూ ఉండాలి. ఒంటి బరువులో కనీసం ఒకటిన్నర శాతం, మామూలుగా రెండు శాతం ఎండు పదార్థం కావాలి. 250 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 5 కిలోలు. పచ్చగడ్డిలో ముప్పావు వంతు నీరే కాబట్టి పచ్చిదైతే 20 కిలోలు. పొద్దునా సాయంత్రం ఉలవ గుగ్గిళ్లు పెట్టి మధ్యలో ఖాళీ కడుపుతో కట్టేస్తే కడుపులో పుండ్లు పడతాయి. వరిగడ్డి ఒక్కటే పెడితే సత్తువ చాలదు, పీచు ముదిరి పేగులో అడ్డుపడుతుంది. పశువుల మేతకు పెంచే నేపియర్ గడ్డిలోని ఆక్సలేటు అనే పదార్థం కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టేస్తుంది, తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ. రెండూ కలిపి నెలల తరబడి పెడితే ఎముకల్లోని కాల్షియం తగ్గిపోయి ముఖం ఎముకలు ఉబ్బుతాయి, గుర్రం కుంటుతుంది. గడ్డి రకాలు మార్చి పెట్టాలి, డాక్టరు చెప్పిన మోతాదులో కాల్షియం కలపాలి. నీళ్లు ఎండాకాలంలో 30 లీటర్ల పైనే తాగుతుంది, ఎప్పుడూ ఎదురుగా ఉండాలి. మీ అమ్మాయికి లెక్కలంటే ఇష్టమైతే ఒక గుర్రం మేత పుస్తకం తనకు అప్పగించమని అడగండి.

ఆ తర్వాత ఆట. కర్ర చివర బంతి కట్టి గుర్రం ముందు పట్టుకోవాలి. అది ముక్కుతో తాకగానే "ఊఁ" అని ఒకే రకంగా అని, క్యారెట్ ముక్క గిన్నెలో వేయాలి. చేతిలోంచి పెడితే చేతులు, జేబులు కొరకడం మొదలుపెట్టవచ్చు. ముక్కలు పొడుగ్గా తరగాలి, గుండ్రటి బిళ్లలు గొంతులో అడ్డుపడతాయి. అయిదు నిమిషాలు చాలు. మధ్యలో గుర్రం అటు తిరిగి వెళ్లిపోతే ఆరోజుకి అయిపోయినట్టే, వెంటపడకూడదు. ఇలా నేర్పితే తాడు లాగకుండానే గుర్రం పక్కన నడుస్తుంది, గుర్రానికి కావలసిన నడకా దొరుకుతుంది. నడవడానికి దానికి రౌతు అక్కర్లేదు.

వెళ్లేముందు, పదేళ్లకు వేయించాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా పడిందో లేదో చూసుకోండి. గుర్రాల పేడలో, శాల మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. వేళ్లు కప్పే గట్టి కాన్వాస్ బూట్లు వేయించండి, చెప్పులతో వెళ్లనివ్వద్దు. నేల మీదున్నా హెల్మెట్ ఉండాలి. గుర్రం భుజం పక్కన నిలబడాలి, దాని వెనక నుంచి దాటాల్సి వస్తే ఒక గుర్రం పొడవైనా ఎడంగా నడవాలి. తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోకూడదు, గుర్రం బెదిరి పరిగెత్తితే చేయి అందులోనే ఉండిపోతుంది. తాడు మడిచి గుప్పిట్లో పట్టుకోవాలి, వదిలేయాల్సి వస్తే వెంటనే వదిలేసేలా.